పోపుల పెట్టెకి మూడు రేట్లు ఎందుకొచ్చాయి?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది నిజాంపేట. నేనూ మా అత్తగారూ కలిసి ఇంట్లో కారప్పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఈ దసరాకి చెక్క పోపుల పెట్టెలో ఆరు రకాల పొడులు సర్ది గిఫ్ట్ ప్యాక్‌లా ఇద్దామనుకున్నాం, 300 పెట్టెలు కావాలి, మూత మీద మా పేరు ఉండాలి. నెట్‌లో దొరికిన ఒక ఫోటో ముగ్గురు తయారీదార్లకి వాట్సాప్ చేస్తే ఒకాయన 420 అన్నాడు, ఒకాయన 780, ఇంకొకాయన 1,150. అదే ఫోటో కదా, ఇంత తేడా ఏంటన్నా? 420 ఆయన 70 శాతం అడ్వాన్స్ వేస్తే రేపే మొదలుపెడతా అంటున్నాడు, వేసెయ్యమంటారా?

జవాబు: వెయ్యకు చెల్లెమ్మా, ఆగు. ముగ్గురిలో ఎవరూ మోసం చేస్తున్నారని కాదు, ఆ ఫోటోలో ఏ చెక్కో లేదు, ఎంత మందమో లేదు, లోపల అరలు అంటించినవా గాడిలో దిగినవా లేదు, కాబట్టి ఎవరికి వాళ్లు ఖాళీలు పూరించుకుని రేటు చెప్పారు. నా అంచనా అడిగితే 420 ఆయన ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) మీద పల్చటి వెనీర్ (అసలు చెక్క పొర) అంటించడం అనుకుని ఉంటాడు, 780 ఆయన మామిడి చెక్క, 1,150 ఆయన టేకు. ఫోన్ చేసి ఏ చెక్క, చిత్రిక పట్టాక ఎంత మందం మిగులుతది, జీఎస్టీ కలిపా విడిగానా అని మూడే మూడు ముక్కలు అడుగు, గుట్టు అక్కడే బయటపడతది. చిత్రిక పట్టాక అని ఎందుకు అడగమన్నానంటే అంగుళం పలక అని చెప్పింది రెండు పక్కలా నున్నగా చేసేసరికి 20, 22 ఎంఎం దగ్గరికి వచ్చేస్తది, అది తప్పు కాదు కానీ ముందే తెలిసుండాలి.

కానీ దానికంటే ముందు పని ఒకటుంది, అది ఫ్యాక్టరీలో కాదు మీ ఇంట్లోనే. మీరు ఇచ్చే పొడులు గాజు సీసాల్లోనా, స్టీలు గిన్నెల్లోనా, కవర్లలోనా, లేక నేరుగా చెక్క అరలోనే పోస్తారా? ఇది తేలకుండా పెట్టె సైజు తేలదు. సీసాలైతే ఆ సీసాలు కొని, ఆరూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, వేళ్లు పట్టేంత సందు వదిలి కొలవాలి, మూత మూసినప్పుడు సీసా మూత తగలకుండా ఎత్తు కూడా చూడాలి. ఆ కొలత పెట్టె లోపలి కొలత. కాగితం మీద ‘లోపల’ అని తెలుగులోనే పెద్దగా రాయి. నేను చిన్న వర్క్‌షాప్ నడిపిన రోజుల్లో ఒక హోటల్ వాళ్లకి 150 టీ పెట్టెలు చేశాను, వాళ్లు 9 ఇంటూ 6 అని పంపారు, లోపలా బయటా అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు, నేను బయట కొలతకి చేశాను. టీ ప్యాకెట్లు దిగలేదు. ఆ 150 పెట్టెల్లో కొన్ని ఇప్పటికీ మా బంధువుల ఇళ్లల్లో సూదులు దారాలు దాచుకోడానికి పనికొస్తున్నాయి, పెళ్లికెళ్తే ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

ఇంకోటి, కొలతలు అన్నీ ఎంఎంలోనే రాయి. మన దగ్గర కార్పెంటర్లు అంగుళం, సూత్ లెక్కలో మాట్లాడతారు (కోస్తా వైపు నూలు అంటారు, అదీ ఇదీ ఒకటే, అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3 ఎంఎం పైన కొంచెం). ఫ్యాక్టరీలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్‌కి సూత్ అంటే తెలీదు. మధ్యలో సూపర్‌వైజర్ మార్చి రాసుకునేటప్పుడు ఎక్కడో ఒక సూత్ జారిపోతది, చిన్న పెట్టెలో ఒక సూత్ అంటే మూత పడదు.

మూత అంటే గుర్తొచ్చింది. జరిపే మూతా, కబ్జాలు వేసే మూతా? (కబ్జా అంటే మన సిటీలో అందరికీ భూములే గుర్తొస్తాయి గానీ, ఇది తలుపు బందు.) జరిపే మూత ముద్దుగా ఉంటది కానీ చెక్క గాల్లో తేమ పీల్చుకుని ఉబ్బుతది, ఎండితే కుంచించుకుంటది, అదీ నిలువు పొడవునా దాదాపు ఏం ఉండదు, అడ్డంగానే కదలిక అంతా. ఏప్రిల్ ఎండలో చక్కగా జారిన మూత ఆగస్టు ముసురులో పట్టేస్తది. నువ్వు దసరాకి ఇస్తున్నావు అంటే వానాకాలంలో తయారై చలికాలం, ఎండాకాలం జనం ఇళ్లల్లో ఉంటది, అప్పుడు చెక్క ఎండి మూత వదులవుతది. చెక్క బాగా ఆరిందో లేదో చూడటానికి మాయిశ్చర్ మీటర్ అని చిన్న పరికరం ఉంటది, రెండు సూదులు గుచ్చి చూస్తారు, 12 శాతం లోపు ఉంటే నిశ్చింత. మీటర్ లేదన్నారంటే నాకైతే అక్కడే అనుమానం, చేతితో పట్టి చెప్తా అనేవాళ్లు ఉన్నారు, చెప్పగలిగేవాళ్లూ ఉన్నారు, కానీ 300 పెట్టెలకి చెయ్యి సరిపోదు.

పొడి నేరుగా చెక్కకి తగిలేటట్టయితే లోపల వార్నిష్, పీయూ (పాలియురెథేన్ పాలిష్) లాంటివి వద్దు, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ కానీ తేనెమైనం కానీ రాయించు. పసుపు మరక ఎలాగూ పోదు, దానికి బాధపడకు. ఉప్పు కలిసిన కారం ఉంటది కాబట్టి ఇనుప మేకులు తుప్పు పడతాయి, ఇత్తడి స్క్రూలు అడుగు. నిర్మల్ బొమ్మల పొనికి చెక్క తేలిగ్గా ముద్దుగా ఉంటది కదా అని కొందరు అడుగుతారు, అది బొమ్మకి బంగారం, రోజూ గరిటెల మధ్య నలిగే పెట్టెకి మరీ మెత్తన.

ఇక పేరు. లేజర్‌తో చేయిస్తే టేకు మీద ఒకే పలకలో గట్టి పొర, మెత్తని పొర పక్కపక్కనే ఉంటాయి, ఒకచోట నల్లగా కాలి ఇంకోచోట లేతగా వస్తది, అది చూసి గొడవ పడొద్దు, చెక్క గుణం అది. తెలుగులో రాయిస్తుంటే ఇంకో తలనొప్పి, ఫాంట్ ఫైల్ అలాగే పంపితే వాళ్ల కంప్యూటర్లో వత్తులు విడిపోయి ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయి కూర్చుంటది, చెక్కే అబ్బాయికి తెలుగు చదవడం రాకపోతే 300 మూతల మీదా అదే వస్తది. డిజైనర్‌తో అక్షరాల్ని గీతలుగా మార్పించి పీడీఎఫ్ ఇప్పించు. అక్షరం మరీ చిన్నగా వద్దు, వత్తుల మధ్య ఖాళీ పూడిపోతది.

డబ్బు సంగతి. ముందు ఒక్క పెట్టె చేయించు, దానికి వాళ్లు అడిగినంత ఇవ్వు, ఎక్కువే అడుగుతారు, ఒక్క పీస్‌కి కూడా మిషన్ సెట్టింగ్ అంతే పని కాబట్టి అది న్యాయమే. అందులో నీ సీసాలు పెట్టి, మూసి, ఊపి, ఒక వారం వంటింట్లో వాడు. నచ్చితే అచ్చం అలాంటిదే ఇంకోటి చేయించి, రెండిటి అడుగునా ఇద్దరూ సంతకం పెట్టి ఒకటి నీ దగ్గర ఉంచుకో, ఇంకోటి వాళ్ల దగ్గర. అప్పుడు అడ్వాన్స్, అదీ 40 శాతం దాటకుండా, మిగతాది సరుకు లెక్కపెట్టి చూసుకున్నాక. 300 కావాలంటే 310 చేయమను, దారిలో మూల విరిగినవీ పేరు వంకరగా పడ్డవీ కొన్ని ఉంటాయి. దసరా తారీఖు నుంచి వెనక్కి లెక్కేసుకో, ఫ్యాక్టరీ వాళ్లకి దసరా కంటే ముందు వినాయక చవితి, ఊళ్లో పెళ్లి, అన్నీ వస్తాయి.

ప్రశ్న: సార్, ఉప్పల్‌లో కొత్త ఫ్లాట్. పూజ మందిరం పైన టేకు, కింద ప్లైవుడ్ కబోర్డ్‌తో ఫ్యాక్టరీలో చేయిస్తున్నాం. బిల్డర్ ఇచ్చిన ప్లాన్ కొలతలే ఇచ్చేశాం, సరిపోతది కదా?

జవాబు: సరిపోదు సార్. ప్లాన్‌లో గోడ నిటారుగా ఉంటది, ఇంట్లో ఉండదు. టైల్స్, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) అయ్యాక కింద, మధ్యన, పైన మూడు చోట్ల కొలిచి తక్కువ వచ్చింది తీసుకోండి. ఆ తర్వాత లిఫ్ట్ తలుపు, మెట్ల మలుపు కొలవండి, ఏడడుగుల మందిరం ఒకే ముక్కగా చేసి తెచ్చి సెల్లార్‌లో నిలబెట్టిన ఇళ్లు చూశాను, అందుకని విడి భాగాలుగా చేసి ఇంట్లో బిగించమనండి. కింద ప్లైకి దీపం నూనె, కడిగిన నీళ్లు తగులుతాయి, ఐఎస్ 710 ప్లై అడగండి (ప్లైవుడ్‌కి ఉన్న ఐఎస్‌ఐ ప్రమాణాల్లో ఇది ఐఎస్ 303 కంటే నీటికి గట్టిది), షీట్ మీద ఐఎస్‌ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కట్ చేసే ముందే చూడాలి, లామినేట్ అంటించాక ఏ ప్లై అయినా ఒకలాగే కనబడతది. టేకు బిల్లులో సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్క మీరే వేసుకోండి: మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగించడమే, ఒకటిన్నర అంగుళం మందం, 12 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవు పలక సరిగ్గా ఒక సీఎఫ్‌టీ. ముషీరాబాద్ టింబర్ డిపోలకి ఓసారి వెళ్లి పలకలు చూసి రండి, అంచున తెల్లచెక్క ఎంత, లోపల చేవ (ముదురు రంగు గట్టి చెక్క) ఎంత అని చూపించమంటే చూపిస్తారు. తెల్లచెక్కకే పురుగు ముందు పడుతుంది.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి పెళ్లికి రోజ్‌వుడ్ నగల పెట్టెలు 20 చేయించి పంపుదామని. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉండొచ్చండి. రోజ్‌వుడ్, షీషమ్ ఉన్న డాల్బెర్జియా జాతి మొత్తం 2017 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, బరువుని బట్టి మినహాయింపులు ఉన్నా కాగితాలు అడగొచ్చు, ఎర్రచందనం జోలికి అసలే వెళ్లకండి. పెళ్లి తేదీ పెట్టుకుని కస్టమ్స్‌తో పేచీ ఎందుకు, టేకులో చేయించి బిల్లు మీద చెక్క పేరు స్పష్టంగా రాయించుకోండి. పెట్టెలన్నీ కలిపి చెక్క క్రేట్‌లో పంపితే ఆ క్రేట్‌కి ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే పురుగు లేకుండా శుద్ధి చేసిన చెక్క అన్నమాట, మామూలుగా లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచుతారు. 20 చిన్న పెట్టెలకి క్రేట్ ఎందుకు, మంచి అట్టపెట్టె చాలు.