స్పెయిన్ పౌరసత్వం: రెండేళ్ల లెక్క మీ ఆవిడది, మీది కాదు

ప్రశ్న: నా వయసు 38. మాది తెనాలి. పదేళ్లుగా షార్జాలో ఉంటూ దుబాయ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నా భార్యది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో, నర్సు. మాకు ఆరేళ్ల పాప. ఫిలిప్పీన్స్ వాళ్లకు స్పెయిన్‌లో రెండేళ్లకే పౌరసత్వం వస్తుందని, ఉద్యోగం అక్కర్లేని వీసా మీద ముగ్గురం వెళ్లిపోవచ్చని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఫీజు 9 లక్షలట. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు (విదేశీ సంపాదనను ఇండియా బ్యాంకులో దాచుకునేవి) 62 లక్షలున్నాయి. మంగళగిరి దగ్గర 2012లో 12 లక్షలకు కొన్న స్థలం ఇప్పుడు 75 లక్షలు పలుకుతోంది. అది అమ్మేసి వెళ్లమంటారా?

జవాబు: రెండేళ్ల మాట నిజమే. స్పెయిన్ సివిల్ కోడ్ ప్రకారం ఎవరైనా మామూలుగా పదేళ్లు అక్కడ చట్టబద్ధంగా నివసించాకే పౌరసత్వం అడగాలి. లాటిన్ అమెరికా దేశాలు, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ లాంటి కొన్నింటి వాళ్లకు మాత్రం రెండేళ్లు చాలు. ఫిలిప్పీన్స్‌ను 1565 నుంచి 1898 దాకా ఏలిన దేశం కదా, ఆ పాత సంబంధం. పుట్టుకతో ఫిలిప్పీన్స్ పౌరులైన వాళ్లకే ఈ వెసులుబాటు. కాబట్టి రెండేళ్లు మీ ఆవిడకే, మీకు కాదు. ఆవిడ స్పెయిన్ పౌరురాలు అయ్యాక, భర్తగా అక్కడే ఏడాది ఉండి మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాపకు తల్లి ద్వారా దారి తేలికే.

ఇంకో మాట. రెండేళ్లు పూర్తయ్యాక చేతికొచ్చేది దరఖాస్తు పెట్టే అర్హత. నిర్ణయానికి చట్టం ఇచ్చిన గడువే ఏడాది, చాలామందికి అదీ దాటుతుంది. ఆ పైన ప్రమాణం, నమోదు. ఆవిడకు నాలుగేళ్లు, మీకు ఆరేడేళ్లు అనుకుని డబ్బు లెక్క వేసుకోండి.

ఏజెంటు చెప్పిన వీసా మీ ఇంటికి సరిపడదని నా ఉద్దేశం. ఆ వీసాకు ఏడాదికి 28,800 యూరోలు చూపించాలి, వెంట వచ్చే ఒక్కొక్కరికి ఇంకో 7,200. ముగ్గురికి 43,200. యూరోను వంద రూపాయలుగా వేసుకుంటే 43 లక్షల పైమాటే. చూపించడానికే కదా అనుకోవద్దు. ఆ వీసా మీద పనిచేయకూడదు, ఇంట్లో కూర్చుని దుబాయ్ కంపెనీకి పనిచేసినా పేచీయే. జీతం లేనప్పుడు తినేది ఆ డబ్బే. రెండో ఏడు రెన్యువల్‌కి మళ్లీ అంత చూపించాలంటే మీ డిపాజిట్లు చాలవు. స్థలం అమ్మే మాట వచ్చేది అందుకే. 38 ఏళ్ల మనిషి నడుస్తున్న జీతం మానుకుని, ఆస్తి కరిగించుకుని పాస్‌పోర్టు కోసం ఎదురుచూడటం నాకు నచ్చలేదు.

మీ వృత్తికి తగినది డిజిటల్ నోమాడ్ వీసా. స్పెయిన్ బయటి కంపెనీకి దూరం నుంచి పనిచేసే వాళ్ల కోసం 2022 నాటి స్టార్టప్ చట్టంతో వచ్చింది. అక్కడి కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం ఉండాలి. 2025 లెక్కల్లో నెలకు సుమారు 2,763 యూరోలు, భార్యనూ పాపనూ కలిపితే 4,150 దగ్గర. వీసా మీ పేరు మీద, ఆవిడ మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యురాలిగా వస్తారు. అలా ఉన్న కాలం కూడా ఆవిడ రెండేళ్లలోకి వస్తుంది, పనిచేసే హక్కూ ఉంటుంది. నర్సింగ్ డిగ్రీకి అక్కడి ప్రభుత్వ గుర్తింపు రావడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి ఆవిడ జీతాన్ని మొదటి రెండేళ్ల బడ్జెట్‌లో వేయకండి. బార్సిలోనాలోని రావల్ పేటలో ఫిలిప్పీన్స్ వాళ్లు చాలామంది ఉంటారు, ఆవిడ అక్కడికే మొగ్గు చూపుతారేమో. అద్దెలు అడిగాక మాట్లాడుకోండి.

ఇక పన్ను. మీరు అడగలేదు, ఏజెంటు ఎత్తలేదు, అసలు డబ్బు పోయేది ఇక్కడే. యూఏఈలో జీతం మీద పన్ను లేక ఆ అలవాటు పోయి ఉంటుంది. స్పెయిన్‌లో పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. ఆ ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే, జనవరి 1 నుంచే అక్కడి నివాసి కింద లెక్క. ఏడాదిని రెండు ముక్కలు చేసే పద్ధతి లేదు. మీరు ఏప్రిల్‌లో దిగారంటే, ఫిబ్రవరిలో దుబాయ్‌లో అందుకున్న గ్రాట్యుటీ కూడా వాళ్ల లెక్కలోకి వస్తుంది. జులై రెండో వారం దాటాక దిగండి. సెప్టెంబరులో బడులు తెరుస్తారు, పాపకూ ఇబ్బంది ఉండదు. ముగ్గురూ కలిసే కదలండి. ఆవిడా పాపా ముందే వెళ్లి ఉంటే, మీ కాపురం అక్కడే ఉందని పన్ను శాఖ అనుకునే వీలుంది.

ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మన దగ్గర పన్ను లేనిదే కానీ స్పెయిన్‌కు ఆ పట్టింపు లేదు. 62 లక్షల మీద 7 శాతం వడ్డీ అంటే 4.34 లక్షలు. అక్కడ పొదుపు ఆదాయం మీద మొదటి 6,000 యూరోల దాకా 19 శాతం, అంటే ఏటా 80 వేలకు పైగా. పైగా విదేశీ ఖాతాల్లో 50,000 యూరోలు దాటితే మోడల్ 720 అనే ఫారంలో చెప్పాలి. మీరు దాటుతున్నారు.

స్థలం సంగతి. లాభం 63 లక్షలు. ఇండియాలో దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే 9 లక్షల దాకా. ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపి (ఇండెక్సేషన్) 20 శాతం కట్టే పద్ధతిని ఎంచుకునే వీలు ఎన్‌ఆర్‌ఐలకు లేదు. అదే స్పెయిన్ నివాసిగా అమ్మితే అక్కడి శ్లాబుల్లో 13 లక్షల పైచిలుకు వస్తుంది. ఇక్కడ కట్టింది తీసేసినా ఇంకో నాలుగు లక్షలు చేతి నుంచి పడతాయి. కాబట్టి అమ్మదలిస్తే వెళ్లకముందే అమ్మండి. అమ్మే ముందు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ (కొనేవాళ్లు ముందే కోసుకునే పన్ను) సర్టిఫికెట్ తెచ్చుకోండి, లేకపోతే కొనేవాళ్లు మొత్తం 75 లక్షల మీదా పట్టేస్తారు. కానీ జీతం కొనసాగేటట్టయితే అమ్మాల్సిన పనే లేదు. నా ఓటు ఉంచడానికే.

పౌరసత్వం విషయంలో మీ ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు. ఫిలిప్పీన్స్ పౌరసత్వం వదులుకోమని ఆవిడను స్పెయిన్ అడగదు. ఫిలిప్పీన్స్ వైపు 2003 నాటి చట్టం కింద ప్రమాణం చేసి తనది నిలుపుకోవచ్చు. మీరు తీసుకుంటే భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే కార్డు) తీసుకోవాలి. తెనాలిలో పొలం వారసత్వంగా వస్తే సమస్య లేదు, కొనడం మాత్రం కుదరదు. ఆవిడ పౌరసత్వం తీసుకుని మీరు రెసిడెన్సీతో ఆగిపోయినా ఇల్లు సాఫీగానే నడుస్తుంది, తొందరేం లేదు.

ఇల్లు కొంటే వీసా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, 5 లక్షల యూరోల గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3తో ఆగిపోయింది. స్టూడెంట్ వీసా మీద ఉన్న కాలం ఆ రెండేళ్లలోకి రాదు. ఆవిడకు డీఈఎల్‌ఈ ఏ2 అనే స్పానిష్ భాషా పరీక్ష, స్పెయిన్ రాజ్యాంగం, సమాజం మీద పెట్టే సీసీఎస్‌ఈ పరీక్ష తప్పవు. క్లాసులు ఇప్పుడే మొదలుపెట్టమనండి, వెళ్లాక ఉద్యోగానికీ పనికొస్తుంది.

ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మీ హెచ్‌ఆర్‌ని ఒకటి అడగండి: స్పెయిన్ నుంచి పనిచేయనిస్తారా, అక్కడి సోషల్ సెక్యూరిటీలో కంపెనీ నమోదవుతుందా? అవునంటే బెక్హమ్ చట్టం అనే ప్రత్యేక పద్ధతి కింద జీతం మీద 24 శాతం పన్నుతో ఆరు పన్ను సంవత్సరాలు గడవొచ్చు, ఎన్‌ఆర్‌ఈ వడ్డీ జోలికీ రారు. నమోదైన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. కాదంటే ఫ్రీలాన్సర్‌గా వెళ్లాలి, అప్పుడు ఈ అంకెలన్నీ మళ్లీ వేయాలి. వాళ్లేమన్నారో, మీ నెల జీతమెంతో రాయండి.