చంకలో పిల్ల, నడుంలో నొప్పి

పాఠకుల ప్రశ్నలకి ఫిజియోథెరపిస్టు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చంటిపిల్లల్ని సాకుతున్నవాళ్ళవే. నాకేం ఆశ్చర్యం లేదు. శ్రీకాకుళంలో నా దగ్గరికొచ్చే తల్లులు ముందుగా తమ నొప్పి గురించి నోరెత్తరు. అత్తగారి మోకాలు చూపించడానికి తోడొస్తారు. ఆవిడకి చెప్పాల్సిందంతా చెప్పించుకుని, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ "మేడమ్, నాకూ కాస్త నడుం..." అంటారు. చంకలో పిల్ల ఉంటుంది. నిలబడ్డ తీరు చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు ఐదో నెల బాబు. మామూలు కాన్పే. పుట్టినప్పుడు మూడు కిలోల పైన ఉన్నాడు, ఇప్పుడు ఆరున్నర. కొన్నాళ్ళుగా మెడ నుంచి భుజం దాకా పట్టేస్తోంది. సాయంత్రమయ్యేసరికి నడుం విరిగిపోతున్నట్టుంటుంది. చెప్తే మా అత్తగారు "మేమేటి పిల్లల్ని కనలేదా, పెంచలేదా" అంటారు. బెల్టు కొనుక్కోమంటారా?
– ఒక సోదరి, నరసన్నపేట

జవాబు: మీ అత్తగారన్నది నిజమే తల్లీ. కన్నారు, పెంచారు. కాకపోతే ఆ రోజుల్లో ఇంట్లో తోడికోడళ్ళు, ఆడపడుచులు, పక్కింటి మామ్మ ఉండేవారు. పిల్లాడు పొద్దుగూకేలోగా నాలుగు చేతులు మారేవాడు. ఇప్పుడు మీ ఒక్క నడుమే. పైగా ఆవిడకీ నొప్పి వచ్చే ఉంటుంది, ఓసారి నిదానంగా అడిగి చూడండి.

ముందు మీ ఒంట్లో ఏం జరుగుతోందో చెప్తాను. కడుపుతో ఉన్నప్పుడు రిలాక్సిన్ అనే హార్మోను కటి దగ్గరి కీళ్ళ లిగమెంట్లని, అంటే ఎముకల్ని కలిపి కట్టే పట్టీల్ని, వదులు చేస్తుంది. కాన్పయ్యాక అవి మళ్ళీ బిగుసుకోవడానికి నెలలు పడుతుంది. తొమ్మిది నెలలు సాగిన పొట్ట కండరాలకీ ఇంకా బిగువు రాలేదు. నడుముని ముందు నుంచి పట్టుకోవాల్సినవి అవే కదా, అవి నీరసపడితే భారమంతా వీపు మీదే పడుతుంది. సరిగ్గా ఇప్పుడే చేతిలో బరువు పెరుగుతూ పోతుంది. ఐదు నెలలకల్లా పుట్టిన బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడింతలు. మీ బాబు లెక్క తప్పకుండా ఎదుగుతున్నాడు, సంతోషం.

ఎంత బరువు ఎత్తారన్న దానికంటే ఆ బరువు ఒంటికి ఎంత దూరంలో ఉందన్నది నడుముకి ముఖ్యం. వీపు కండరాలు వెన్నెముకకి సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగాలి. ఆరున్నర కిలోల పిల్లాణ్ణి చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, వాడి ఒక్కడి కోసమే ఆ కండరాలు 65 కిలోల లాగుడు లాగాలి. ఛాతీకి హత్తుకుని 20 సెంటీమీటర్లకి తెచ్చుకుంటే అదే 26 కిలోలవుతుంది. పిల్లాడు మాత్రం అదే పిల్లాడు. నిండు బిందెని ఎవరూ చేతులు చాచి మొయ్యరు, నడుముకి ఆనించుకునే మోస్తారు. పిల్లల దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో నాకర్థం కాదు.

ఇక మెడ. పాలిచ్చేటప్పుడు ఎలా కూర్చుంటారో మీరు రాయలేదు గాని, నేనే చెప్తాను. చాప మీద బాసింపట్టు వేసుకుని, గోడకి జానెడు దూరంలో కూర్చుంటారు. పిల్లాడు కింద ఒళ్ళో ఉంటాడు, మీరు వాడి మీదికి వంగుతారు. రొమ్ము సరిగా పట్టాడా లేదా అని తల దించి చూస్తారు, పట్టాక కూడా అలాగే చూస్తూ ఉండిపోతారు. లేదంటే రెండో చేతిలో ఫోను. మనిషి తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. తొలి నెలల్లో రోజుకి 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. అన్ని గంటలూ ముందుకు వాలిన తలని మెడ వెనక కండరాలే పట్టి ఉంచాలి. పట్టెయ్యక ఏం చేస్తాయి?

గోడకి వెన్ను పూర్తిగా ఆనించండి. నడుం వంపులో మడిచిన తువ్వాలు పెట్టుకోండి. ఒళ్ళో రెండు దిళ్ళు వేసి, చాలకపోతే మడిచిన బొంత కూడా వేసి, పిల్లాణ్ణి రొమ్ము ఎత్తుకి తీసుకురండి. మీరు కిందికి వెళ్ళొద్దు. వాడి పొట్ట మీ పొట్టకి తగలాలి, తల ఒక్కటే పక్కకి తిప్పుకుని తాగకూడదు. పట్టుకునేదాకా చూడండి, ఆ తర్వాత తలెత్తి ఎదురుగోడ మీద క్యాలెండరు చూసుకోండి. రాత్రిళ్ళు పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని ఇవ్వొచ్చు.

మన ఇళ్ళల్లో నడుముని బాగా దెబ్బతీసేది చీర ఉయ్యాల. దాన్ని తీసెయ్యమనను, పిల్లలు అందులో పడుకున్నంత హాయిగా ఇంకెక్కడా పడుకోరు. కాకపోతే దూలానికి కట్టిన చీర పిల్లాడి బరువుకి రోజూ కాస్త సాగి, మోకాళ్ళ కిందికి దిగిపోతుంది. వాడు ఉలిక్కిపడి ఏడవగానే మీరు గరిటె వదిలేసి పరుగెత్తుకొస్తారు. కాళ్ళు కర్రల్లా నిటారుగా ఉంచి, నడుం దగ్గర మాత్రమే వంగి, చీర అంచుల్ని మోచేతులతో తోస్తూ లోపలి నుంచి వాణ్ణి పైకి లాగుతారు. లాగుతూనే పొయ్యి వైపు తిరుగుతారు. వంగడం, దూరం నుంచి ఎత్తడం, మెలితిరగడం మూడూ ఒకేసారి. అలా కాకుండా ఉయ్యాల ముందు ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చోండి. చీరని వాడితో సహా మీ ఛాతీ వైపు లాక్కోండి. వాణ్ణి హత్తుకున్నాక ఊపిరి వదులుతూ తొడల బలంతో లేవండి. పక్కకి తిరగాలంటే పాదాలు కదిపి తిరగండి. చాప మీద నుంచి ఎత్తేటప్పుడూ ఇదే పద్ధతి. ఉయ్యాల ముడి వారానికోసారి విప్పి, సరైన ఎత్తులో బిగించి కట్టే పని మీ ఆయనకి అప్పగించండి.

వాడు కూర్చునే వయసొచ్చాక చంకనెత్తుకోవడం మొదలవుతుంది. కుడిచేత్తో పని చేసుకోవాలి కాబట్టి పిల్లలెప్పుడూ మన ఎడమ చంకనే ఉంటారు. అటూ ఇటూ మార్చండి. సీతంపేట వైపు సవర తల్లులు పిల్లల్ని గుడ్డతో ఒంటికి బిగించి కట్టుకుని కొండలెక్కుతారు. చేతులు ఖాళీ, బరువు ఒంటికి దగ్గర. మెడ బాగా నిలిచాక మీరూ మెత్తటి నూలు చీరతో కట్టుకోవచ్చు. పిల్లాడి ముఖం మీకు కనపడుతూ ఉండాలి, గడ్డం వాడి ఛాతీకి నొక్కుకుపోకూడదు.

బెల్టు వద్దనను. దూరం బస్సు ప్రయాణమో, ఇంట్లో శుభకార్యమో ఉన్న రోజు ఓ రెండు గంటలు పెట్టుకోండి. పొద్దస్తమానం పెట్టుకుంటే పొట్ట కండరాలు అసలు పనే మానేస్తాయి. వాటిని లేపడానికి ఇంకో దారి ఉంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డుని లోపలికి లాగండి. మూత్రం ఆపుకోవడానికి బిగించే కండరాలున్నాయే, వాటినీ కలిపి బిగించి ఐదంకెలు లెక్కపెట్టండి. పదిసార్లు చాలు. మెడకైతే, పాలిచ్చిన ప్రతిసారీ గడ్డాన్ని వెనక్కి నెట్టి, భుజాల వెనక రెక్కలు రెండూ దగ్గరకి తెచ్చి వదలండి, ఐదేసి సార్లు. పొట్ట తగ్గాలని పడుకుని లేచే కసరత్తులు ఇప్పుడే మొదలుపెట్టకండి. బొడ్డు పైన రెండు కండరాల మధ్య వేళ్ళు దూరేంత సందుంటే అది ముందు దగ్గరపడాలి.

ప్రశ్న: కాన్పయిన దగ్గర్నుంచి మా ఆవిడకి నడుంనొప్పి. మర్దనాకి ఏ నూనె మంచిది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కొబ్బరినూనె, నువ్వులనూనె, ఇంట్లో ఏది ఉంటే అది. హాయి అనిపించేది చేతి వేడికీ ఒత్తిడికీ, అంతే. ఆ చెయ్యి మీదైతే ఇంకా మంచిది. అంతకంటే పెద్ద మందు ఒకటుంది. రాత్రి పిల్ల లేచినప్పుడు మీరే లేచి, తడిసిన గుడ్డ మార్చి, పిల్లని ఆవిడ పక్కలోకి అందించండి. తాగాక మళ్ళీ మీరే పడుకోబెట్టండి. వంగి ఎత్తే పని, వంగి దించే పని రెండూ ఆవిడకి తప్పుతాయి. ఒక నెల చేసి ఎలా ఉందో ఉత్తరం రాయండి.

ప్రశ్న: పెద్దాపరేషన్ చేసినప్పుడు నడుముకి మత్తుసూది ఇచ్చారు. దానివల్ల జన్మంతా నడుంనొప్పి ఉంటుందని అందరూ అంటున్నారు. నిజమా?
– రాజాం

జవాబు: అందరూ అంటారు, నాకూ రోజూ చెప్తారు. ఆ సూది చాలా సన్నది. గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపు ఉండొచ్చు. కాన్పులో నడుముకి మత్తు ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ పోల్చి చూసినప్పుడు, దీర్ఘకాలం ఉండే నడుంనొప్పిలో తేడా కనపడలేదు. సూది పడనివాళ్ళకీ పిల్లల్ని ఎత్తుతుంటే నడుం నొస్తూనే ఉంది. మీకు పొట్ట మీద కోత కూడా ఉంది కాబట్టి ఆరు వారాల దాకా పిల్లకంటే బరువైనదేదీ ఎత్తకండి. నీళ్ళ బకెట్టు అసలొద్దు. మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి దించి, చేత్తో నెట్టుకుని లేవండి.

ప్రశ్న: నా కూతురు పురిటికొచ్చింది. మనవరాలికి మూడో నెల. రోజూ కాళ్ళమీద పడుకోబెట్టి నలుగుపెట్టి నీళ్ళోసేది నానే. లెగబోతే నడుం లెగనివ్వదు. మందుల షాపు కుర్రోడు ఇచ్చిన మాత్ర ఏసుకుంటే ఆ పూటకి తగ్గుతాది. రోజూ ఏసుకోవచ్చా? మా వేపు కిడ్నీల భయం కదా, ఇది అదేనేమో?
– ఒక అమ్మమ్మ, సోంపేట దగ్గర పల్లె

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి. డాక్టరు చూడకుండా రోజూ వేసుకోవద్దు. షాపుల్లో నడుంనొప్పికి ఇచ్చేవి చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం. అవి మూత్రపిండాలకి రక్తం పారే దారిని తగ్గిస్తాయి. ఎండలో తిరిగి ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. ఏ ఊరివాళ్ళకైనా ఇదే చెప్తాను, మీ ఉద్దానం వాళ్ళకి మాత్రం గట్టిగా చెప్తాను. అక్కడ కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎన్ని ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ నొప్పి వంగితే, లేస్తే వస్తోంది కాబట్టి కండరాలదీ కీళ్ళదీ అనిపిస్తోంది. దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పే పుట్టించదు, చడీచప్పుడు లేకుండా వస్తుంది. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే.

ఇక నీళ్ళుపొయ్యడం. పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపితే తొడల వెనక కండరాలు కటిని వెనక్కి లాగుతాయి, నడుం గూనిగా వంగిపోతుంది. పిల్ల ఉండేది పిక్కల మీద. అంటే అంతసేపూ చేతులు చాచి వంగే ఉంటారు. ఎత్తైన పీట వేసుకుని, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు కాస్త మడవండి. పిల్లని పిక్కల మీద నుంచి తొడల మీదికి జరపండి. నీళ్ళ బకెట్టు వెనక ఉంటే మెలితిరగాలి, అందుకని పక్కనే చేతికందేలా పెట్టించుకోండి. మగ్గుతో పోసేది ఇంకొకరైతే మరీ మంచిది. అయ్యాక పిల్లని ఎత్తుకుని మీరు లేవొద్దు. ముందు పిల్లని అందించేసి, తర్వాత లేవండి.

మీ వయసు రాయలేదు. ముట్లుడిగిన తర్వాత ఆడవాళ్ళ ఎముకలు పలచబడతాయి, వంగి బరువెత్తినప్పుడు వెన్నుపూస నొక్కుకుపోయి చిట్లే ప్రమాదముంది. ఎత్తిన క్షణంలోనే కలుక్కుమని నొప్పి వచ్చి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకోవాలి. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్నుకి క్షయ సోకిందేమో చూస్తారు. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం తెలియకుండా పోయినా, మర్మాంగాల దగ్గర స్పర్శ తగ్గినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మాటలు అమ్మమ్మలకే కాదు, బాలింతలకీ వర్తిస్తాయి.

ప్రశ్న: పాపని ఎత్తుకుంటే బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర సూదులు గుచ్చినట్టుంది.
– చీపురుపల్లి

జవాబు: బొటనవేలిని పైకి లాగే నరాలు అనుకుంటాం గాని, అవి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు. వాటి తొడుగు వాచింది. స్విట్జర్లాండ్ సర్జన్ డి కెర్వాన్ 1895లో వివరించిన బాధ ఇది, చంటిపిల్లల తల్లులకి బాగా వస్తుంది. పాప చంకల కింద బొటనవేళ్ళు విడదీసి ఎత్తడం మానండి. ఒక అరచెయ్యి పిరుదుల కింద, ఒకటి వీపు వెనక, వేళ్ళన్నీ దగ్గరగా పెట్టి ఎత్తండి. కొన్ని వారాలు బొటనవేలికి పట్టీ వేసుకుని, అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. పిల్లల్ని గట్టు ఎక్కించడం, దించడం, నెలనెలా బరువు తూచడం నా పనే. మెడ, నడుం రెండూ పోయాయి.
– బొబ్బిలి మండలం

జవాబు: మూడేళ్ళ పిల్ల పన్నెండు, పద్నాలుగు కిలోలుంటుంది, కానీ ఆ పిల్లకి గట్టు ఎక్కడం వచ్చు. మీకు తొందర కాబట్టి ఎత్తేస్తున్నారు. గట్టు ముందు ఒక వెడల్పాటి ఇటుక మెట్టు కట్టించమని టీచరుగారితో చెప్పండి, చెయ్యి పట్టుకుని ఎక్కించండి. ముక్కు తుడవడానికి, అన్నం కలిపి పెట్టడానికి వంగి నిలబడొద్దు, చిన్న స్టూలు వేసుకుని పిల్లల ఎత్తుకి దిగండి. వేలాడదీసే తూనికైతే కొక్కాన్ని మీ తలపైన ఎక్కడో కాకుండా, ముల్లు మీ కళ్ళకి ఎదురుగా ఉండేలా కట్టించండి. అప్పుడు సంచీ మీ నడుం దగ్గర వేలాడుతుంది. పిల్లని ముందు స్టూలు మీద నిలబెట్టి అక్కడి నుంచి సంచీలో కూర్చోబెట్టండి. నేల మీద నుంచి భుజం దాకా ఒక్క ఊపున లేపాల్సిన పని తప్పుతుంది.