ప్లస్ గుర్తు పనిచేయలేదని కోడింగ్ మానేస్తావా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ట్విగ్ (వెబ్ పేజీల అచ్చులు రాసే పనిముట్టు) టెంప్లేట్లు ఇచ్చారు. "పేజీ-" అనే మాటకు నంబరున్న వేరియబుల్ కలపడానికే రెండు రోజులు పట్టింది. ఇంత చిన్నదే రాకపోతే టెస్టింగ్‌కి మారిపోవడం నయమా సార్?

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు తమ్ముడూ. జావాస్క్రిప్ట్ అలవాటుతో మధ్యలో + పెట్టి ఉంటావు, అవునా? ట్విగ్‌లో + అంటే లెక్కల కూడికే, 5 + "5" అని రాస్తే 10 వస్తుంది. అతికించాలంటే ~ పెట్టాలి, అప్పుడు 55. పైథాన్ వాళ్లు వాడే జింజాలోనూ ఇదే గుర్తు, పైథాన్‌లోనే వెబ్‌సైట్లు కట్టే జాంగో టెంప్లేట్లలో మాత్రం యాడ్ అనే ఫిల్టర్ ఉంటుంది, అది కలపడం కుదరకపోతే ఎర్రర్ కూడా చూపించకుండా ఖాళీ వదిలేసి ఊరుకుంటుంది (నన్నడిగితే అసలు ఏడిపించేది అదే). ఇవన్నీ పుట్టుకతో ఎవరికీ రావు. నీ తప్పల్లా ఒకటే, డాక్యుమెంటేషన్‌లో ఆపరేటర్ల పేజీ తెరవకుండా రెండు రోజులు ఊహించుకుంటూ కూర్చున్నావు. గంట దాటితే సీనియర్‌ని అడిగెయ్, నామోషీ ఏం లేదు.

టెస్టింగ్ ఇష్టమైతే వెళ్లు, భయపడి మాత్రం వద్దు. ఆటోమేషన్‌లో అక్కడా కోడ్ రాయాల్సిందే, అక్కడా స్ట్రింగులు (అక్షరాల ముక్కలు) కలపాల్సిందే.

ట్విగ్ ఒక్కటే పట్టుకుని ఆగిపోకు. అది నడిచేది పీహెచ్‌పీ మీద, కాబట్టి పీహెచ్‌పీ గట్టిగా నేర్చుకుంటే సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్‌కి, వెబ్‌సైట్లు నడిపే డ్రూపల్‌కి రెంటికీ దారి దొరుకుతుంది, డ్రూపల్ 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ట్విగ్‌నే వాడుతోంది.

ఇంకోటి, అతికించడం వచ్చింది కదా అని వాక్యాలన్నీ ముక్కలుగా అతికించకు. పేరు ~ "కు సందేశం వచ్చింది" అని రాశావనుకో, సీతకు బాగానే ఉంటుంది, రవి దగ్గరికొచ్చేసరికి "రవికు" అవుతుంది. అందుకే మొత్తం వాక్యాన్ని అనువాద ఫైల్లో ఒకటిగా ఉంచి, "గ్రహీత: ఫలానా" లాగా పేరు విడిగా నిలబడేలా రాసి, ఆ చోట మాత్రమే వేరియబుల్ వచ్చేలా చేస్తారు. ఇంటర్వ్యూలో ఎక్కడ ఇరుక్కున్నావని అడిగితే ఈ ~ కథ, ఈ "రవికు" కథ రెండూ చెప్పు.