అణచడం వేరు, అణచివేత వేరు

సందేహం: కాలేయ కేన్సర్ మీద ఒక వ్యాసంలో 'కణితి అణచివేత జన్యువు లోపించడం వల్ల కణాల జీర్ణక్రియ మారిపోతుంది' అని రాశారు. 'అణచివేత' ఇక్కడ నప్పుతుందా? 'నిరోధక' అంటే మేలా? – అనంతపురం నుంచి ఒక పాఠకుడు.

సమాధానం: మీరు ఒక్క మాటే అడిగారు గానీ ఆ వాక్యంలో తప్పులు మూడున్నాయి. మీరడిగిన దానితోనే మొదలుపెడతాను.

అణగు అకర్మకం, అణచు సకర్మకం. పాత పుస్తకాల్లో అరసున్నతో అణఁగు, అణఁచు. వీటి పక్కనే అడఁగు, అడఁచు ఉన్నాయి. తమిళ అడంగు, కన్నడ అడగు ఈ కుదురువే. కన్నడంలో దీనికి 'దాగు' అనే అర్థం స్థిరపడింది. మడకశిర వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తమిళంలో అడక్కం అంటే వినయం. మన అడకువ, అణకువ అవే. కావ్యాల్లో దేవుడు రాక్షసులను అడచినప్పుడు అర్థం చంపడం దాకా వెళ్తుంది, నిజమే. వాడుకలో అలా కాదు. వాకిట్లో నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. ఆ దుమ్ము ఎక్కడికీ పోలేదు, లేవకుండా ఉందంతే. నీళ్లు ఆరితే మళ్లీ లేస్తుంది. మంట అణగడమూ మంట ఆరడమూ కూడా ఒకటి కావు.

ఈ జన్యువుల పని సరిగ్గా అణచడమే. వాటిలో ఒకటైన పి53 జన్యువు సంగతి చూడండి. 1979లో గుర్తించినప్పుడు దాన్ని కేన్సర్ తెచ్చేదిగానే లెక్కగట్టారు. అది కేన్సర్‌ను ఆపేదని 1989 నాటికి గానీ తేలలేదు. కణం గ్లూకోజును రెండు అంచెల్లో వాడుకుంటుంది. మొదటి అంచెలో ఒక్కో గ్లూకోజుకు మిగిలేది 2 ఏటీపీలే (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం). మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా మండితే మొత్తం 30 దాకా వస్తాయి. పి53 'టిగార్' అనే ప్రొటీన్‌ను పెంచి మొదటి అంచె జోరు తగ్గిస్తుంది, 'ఎస్‌సీఓ2' అనే మరో ప్రొటీన్‌ను పెంచి రెండో అంచెను నిలబెడుతుంది. మంటను ఆర్పదు, అణచి ఉంచుతుంది. అది చెడితే కణం ఆక్సిజన్ ఉన్నా మొదటి అంచె మీదే ఎక్కువగా ఆధారపడి గ్లూకోజును దండిగా లాగేస్తుంది. శక్తి తక్కువైనా కొత్త కణాలు కట్టుకోవడానికి ముడిసరుకు దొరుకుతుంది. మామూలు కాలేయ కణం ఉపవాసంలో ఒంటికి గ్లూకోజు పెట్టేది. కేన్సర్ కణం గ్లూకోకైనేజ్ అనే ఎంజైమును వదిలి హెక్సోకైనేజ్ 2 అనే ఎంజైమును పట్టుకుని, తానే గుంజుకునేదవుతుంది.

ఇంత సున్నితమైన పనికి 'అణచివేత' అని పేరు పెడతారా? వేయు చేరితే పని ముగిసిపోయినట్టు: కొట్టివేయు, తుడిచివేయు. పైగా అణచివేత అనగానే ఇవాళ లాఠీ, పెత్తనం గుర్తొస్తాయి. మనవాళ్లు నిఘంటువులో మొదటి అర్థం దొరకగానే పుస్తకం మూసేస్తున్నారు. 'నిరోధక' తప్పు కాదు, పాఠ్యపుస్తకాల్లో చెల్లుతోంది. అయితే 'రోగనిరోధక శక్తి' పక్కన నిలబడి రెండూ ఒకటేననే భ్రమ కలిగిస్తుంది. నేనైతే 'కణితిని అణచి ఉంచే జన్యువు' అంటాను. శీర్షికలో చోటు చాలకపోతే 'నిరోధక' రాసుకోండి.

'జీర్ణక్రియ' మాత్రం పూర్తిగా తప్పు. అది పొట్టలో జరిగేది. కణంలో జరిగేది జీవక్రియ. కన్నడ 'చయాపచయ' ఇంకా కచ్చితం, కూడబెట్టడం, కరగదీయడం రెండూ అందులో ఉన్నాయి.

ఇక 'లోపించడం'. వ్యాకరణం చదివినవాళ్లు ఇక్కడ పొరబడకూడదు. అక్షరం పోతే లోపం, ఒకదాని చోట ఇంకొకటి వస్తే ఆదేశం. జన్యువు తెగి పోయే కేన్సర్లు లేకపోలేదు. కానీ చైనాలోని చిదోంగ్‌లోనూ దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోనూ రోగుల కణితుల్లో 1991లో బయటపడింది ఆదేశమే. పి53లో 249వ స్థానాన ఏజీజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల గుంపు కాస్తా ఏజీటీ అయింది. ఒక్క జి పోయి టి వచ్చింది, దాంతో ప్రొటీన్‌లో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం చోట సెరిన్ అనేది కూర్చుంది. ప్రొటీన్ తయారవుతూనే ఉంటుంది, డీఎన్‌ఏను సరిగా పట్టుకోలేదు. ఇలా మార్చేది అఫ్లటాక్సిన్ బి1, బూజు పట్టిన శెనక్కాయల్లోనూ మొక్కజొన్నలోనూ పుట్టే విషం. కాలేయ కేన్సర్‌కు ఇదొక్కటే కారణం కాదు, హెపటైటిస్ బి పెద్ద కారణం. రెండూ కలిస్తే ముప్పు మరీ ఎక్కువ.

అనంతపురం వాళ్లు శెనక్కాయలన్నా కర్నూలు వాళ్లు బుడ్డలన్నా జాగ్రత్త ఒకటే. పంట చివర్లో బెట్ట తగిలితే బూజు భూమిలోనే పడుతుంది. పీకిన కాయను తేమ 8 శాతానికి దిగేదాకా, ఆడిస్తే గలగలమనేలా ఎండబెట్టాలి. ముడుచుకున్న పప్పు, రంగు మారిన పప్పు ఏరి పారేయాలి. వేయిస్తే విషం కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. 'శత్రువదాదేశః' అన్నారు: ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తరిమి ఆ చోటే ఆక్రమిస్తుంది. ఆ వ్యాసకర్త 'లోపించడం' కొట్టేసి 'మారిపోవడం' అని దిద్దుకుంటే చాలు.