దొంగ చేతిలోని తాళంచెవి: పాఠకుల సైబర్ సందేహాలు

ప్రశ్న: మిర్చి వ్యాపారులకు లెక్కలు రాసిపెట్టే చిన్న ఆఫీసు మాది. మొన్న సోమవారం ఉదయం కంప్యూటరు తెరిచేసరికి ట్యాలీ ఫైళ్లన్నింటి పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు చేరి ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డరులోనూ ఒక నోట్‌ప్యాడ్ ఫైలు కనిపించింది. 72 గంటల్లో బిట్‌కాయిన్ రూపంలో డబ్బు పంపకపోతే మా ఖాతాదారుల వివరాలు బయటపెడతామని అందులో ఉంది. బ్యాకప్ హార్డ్ డిస్కుకూ అదే గతి పట్టింది. మా కంప్యూటర్లు చూసే కుర్రాడు బేరమాడి కట్టేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, గుంటూరు

జవాబు: కట్టవద్దు. ఆ డబ్బుకు వాళ్లు మీకు అమ్ముతున్నవి రెండు: ఫైళ్లను తెరిచే తాళంచెవి ఒకటి, కాజేసిన వివరాలను చెరిపేస్తామన్న మాట మరొకటి. ఆ రెండోదాని విలువ ఎంతో 2024 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ, అమెరికా ఎఫ్‌బీఐ తదితర సంస్థలు ‘ఆపరేషన్ క్రోనోస్’ పేరుతో, ఇలా ఫైళ్లకు తాళంవేసి డబ్బు గుంజే (దీన్నే ర్యాన్సమ్‌వేర్ అంటారు) లాక్‌బిట్ ముఠా సర్వర్లను స్వాధీనం చేసుకుని తెరిచి చూస్తే, అడిగినంత చెల్లించినవారి సమాచారం కూడా అందులోనే ఉంది.

అదే నెలలో అమెరికాలో జరిగింది ఇంకా విచిత్రం. ఆస్పత్రుల బిల్లులు, మందుల చీటీల లావాదేవీలు నడిపే ఛేంజ్ హెల్త్‌కేర్ సంస్థను బ్లాక్‌క్యాట్ అనే మరో ఇలాంటి ముఠా మనుషులు స్తంభింపజేశారు. ఈ దందా అచ్చం కౌలు సేద్యంలా సాగుతుందని ముందుగా గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌వేరు, పేరు, వసూళ్ల ఏర్పాటు ముఠా పెద్దలవి. ఇల్లు వెదికి లోపలికి దూరేది కౌలుదారు. వచ్చినదాంట్లో పెద్దలకు వాటా వెళ్లాలి. లాక్‌బిట్‌లో ఆ వాటా 20 శాతం. ఛేంజ్ హెల్త్‌కేర్ వ్యవహారంలో సుమారు 2.2 కోట్ల డాలర్లు చేతికందగానే బ్లాక్‌క్యాట్ పెద్దలు కౌలుదారుకు పైసా ఇవ్వకుండా, పోలీసులు తమ సైట్‌ను పట్టుకున్నారని దొంగ నోటీసు తగిలించుకుని మాయమైపోయారు. కాజేసిన సమాచారం మాత్రం తన దగ్గరే ఉందన్నాడు కౌలుదారు. కొన్ని వారాల్లో ర్యాన్సమ్‌హబ్ అనే మరో పేరుతో రెండో బెదిరింపు వచ్చింది. ఆ ఘటనలో దాదాపు 19 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. తోటి దొంగకే ఎగనామం పెట్టినవాడు మీకిచ్చిన మాట నిలబెట్టుకుంటాడని మీ కుర్రాడు ఎలా నమ్ముతున్నాడో నాకు అర్థం కాలేదు.

ఇక తాళంచెవి సంగతి. 2021 మే నెలలో ఇలాంటి దాడికే గురైన అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీ 75 బిట్‌కాయిన్లు చెల్లించి దాన్ని సంపాదించింది. అది ఎంత నత్తనడకన పనిచేసిందంటే, కంపెనీవారు చివరికి తమ సొంత బ్యాకప్‌ల మీదనే ఆధారపడవలసి వచ్చింది.

మీరు వెంటనే చేయవలసింది నెట్‌వర్క్ కేబుల్ పీకి, వైఫై ఆపడం. కుర్రాడు ఫార్మాట్ చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ బెదిరింపు చీటీని, తాళంపడ్డ ఫైళ్లను ఉన్నవున్నట్టుగా భద్రపరచి, 1930 నంబరుకు గాని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయండి. 2022 నాటి ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. గడువు దాటినా సరే, తెలపండి. తరువాత ‘నో మోర్ ర్యాన్సమ్’ సైట్‌లో ఆ చీటీని, తాళంపడ్డ ఫైలు ఒకదాన్ని ఎక్కిస్తే, దానికి ఉచిత తాళంచెవి ఉందో లేదో తెలుస్తుంది. ఖాతాదారుల గుట్టు ఏదీ లేని ఫైలునే అందుకు ఎంచుకోండి. ఇవాళ లేదన్నా డిస్కును పారేయకండి. లాక్‌బిట్ బాధితులకు పనికివచ్చే 7,000కు పైగా తాళంచెవులు తమ చేతికి వచ్చాయని ఎఫ్‌బీఐ 2024 జూన్‌లో ప్రకటించింది.

లెక్కలన్నీ పోయాయని బెంగపడకండి. దాఖలైన రిటర్నులు జీఎస్‌టీ పోర్టల్‌లో ఉన్నాయి, స్టేట్‌మెంట్లు బ్యాంకులో దొరుకుతాయి, బిల్లు పుస్తకాలు వ్యాపారుల కొట్లలో ఉంటాయి. కొన్ని వారాల చాకిరీ తప్పదు. ఖాతాదారులకు మాత్రం జరిగింది మీ నోటితోనే చెప్పండి. వారి పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరి చేతిలో పడ్డాయో తెలియనప్పుడు జాగ్రత్తపడే అవకాశం వారికి దక్కాలి.

మీ బ్యాకప్ డిస్కు కూడా పోయిందంటే అది ఎప్పుడూ కంప్యూటరుకే తగిలించి ఉందన్నమాట. ఇకపై రెండు డిస్కులు పెట్టుకుని, వారానికొకటి మార్చి, రెండోదాన్ని ఇంట్లో బీరువాలో ఉంచండి. అలాగే, ఇంటినుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని ఆ కుర్రాడు రిమోట్ దారి ఏదైనా రాత్రంతా తెరిచి ఉంచాడేమో అడగండి. ఛేంజ్ హెల్త్‌కేర్‌లోకి దొంగలు దూరింది అటువంటి రిమోట్ ద్వారం నుంచే. దానికి పాస్‌వర్డు తప్ప రెండో తనిఖీ లేదని ఆ సంస్థ మాతృసంస్థ అధిపతి స్వయంగా అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు.

ప్రశ్న: లాక్‌బిట్ ముఠాను పట్టుకున్నామంటారు, మళ్లీ దాని పేరే వార్తల్లో వస్తుంది. నాయకుణ్ని ఎందుకు అరెస్టు చేయలేకపోతున్నారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: పోలీసులు పట్టుకున్నది సర్వర్లనమ్మా, మనిషిని కాదు. ఆ ముఠా నాయకుడు రష్యా పౌరుడైన దిమిత్రి ఖోరోషెవ్ అని 2024 మేలో ప్రకటించి, అమెరికా కోటి డాలర్ల వరకు బహుమతి పెట్టింది. రష్యా తన పౌరులను పరదేశాలకు అప్పగించదు. క్రోనోస్ దాడి జరిగిన కొద్దిరోజులకే లాక్‌బిట్ కొత్త సైటు తెరిచింది కూడా. అయినా ఆ శ్రమ వృథా పోలేదని నా అభిప్రాయం. కౌలుదారులకు పెద్దల మీద నమ్మకం సడలింది. క్రిప్టో లావాదేవీలను లెక్కగట్టే చైనాలిసిస్ సంస్థ అంచనా ప్రకారం, 2023లో 125 కోట్ల డాలర్లున్న ర్యాన్సమ్‌వేర్ చెల్లింపులు 2024లో సుమారు 81 కోట్లకు పడిపోయాయి.

ప్రశ్న: 2024 జులై ఆఖరున దేశంలో చాలా చిన్న బ్యాంకుల్లో ఏటీఎం, యూపీఐ పనిచేయలేదని విన్నాను. అప్పుడు ఖాతాల్లో డబ్బు పోయిందా? మా పొదుపు సంఘం సొమ్ము కూడా సహకార బ్యాంకులోనే ఉంది.
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: లేదు. దాడి జరిగింది సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద. అంటు ఇతరులకు పాకకుండా, యూపీఐ వంటి చెల్లింపులను నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీసింది. అందువల్ల దాదాపు 300 చిన్న బ్యాంకుల లావాదేవీలు నిలిచిపోయి, ఆగస్టు 1న మళ్లీ మొదలయ్యాయి. అది ముందుజాగ్రత్తగా వేసిన గేటే తప్ప దోపిడీ కాదు.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్లు పనివేళల్లో విసిగిస్తున్నాయని ఆపేశాను. ఫరవాలేదా?
– ఒక జిరాక్స్ షాపు యజమాని, ఒంగోలు

జవాబు: ఫరవాలేదని అనలేను. 2017 మే 12న లక్షల కంప్యూటర్లకు సోకిన వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. దాన్ని వేసుకోనివారే దొరికిపోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఉన్నాయి. సెట్టింగుల్లో ‘యాక్టివ్ అవర్స్’ అని ఉంటుంది. అక్కడ మీ షాపు వేళలు నింపితే ఆ సమయంలో కంప్యూటరు దానంతటది రీస్టార్ట్ కాదు. షాపు మూసే ముందు మీరే రీస్టార్ట్ చేసి వెళ్లండి.