తంబుర శ్రుతి రెండు చెవులకీ రెండు రకాలుగా వినిపిస్తోంది... స్వరజ్ఞానం పోయినట్టేనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రాజమండ్రిలో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. పది రోజుల క్రితం పొద్దున లేచేసరికి ఎడమ చెవి దిబ్బడ వేసి, లోపల ఒకటే హోరు. జలుబు వల్లేమో అనుకున్నాను. అప్పటి నుంచి తంబుర కుడి చెవికి ఒక శ్రుతిలో, ఎడమ చెవికి కాస్త ఎక్కువ శ్రుతిలో వినిపిస్తోంది. పిల్లలు సరిగ్గా పాడుతున్నా అపస్వరంలా ఉంటోంది. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. నా స్వరజ్ఞానం పోయిందా? మెదడులో ఏమైనా తేడా వచ్చిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఇది చదివిన రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు. ఉన్నట్టుండి ఒక చెవి దిబ్బడ వేసి, హోరు మొదలైందంటే లోపలి చెవి దెబ్బతిని ఉండొచ్చు. దానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువగా పనిచేస్తుంది. మీకు ఇప్పటికే పది రోజులైంది.

మీ స్వరజ్ఞానం ఎక్కడికీ పోలేదు. అది ఉండబట్టే ఇంత చిన్న తేడా పట్టుకోగలిగారు. సంగీతం తెలియనివాళ్లు ఇలాంటప్పుడు 'చెవి సరిగ్గా వినపడట్లేదు' అని మాత్రమే చెబుతారు. ఒకే స్వరం రెండు చెవులకీ రెండు శ్రుతుల్లో వినిపించడాన్ని డిప్లాక్యూసిస్ అంటాం.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. చుట్ట విప్పితే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవు. హెచ్చు స్వరాలకు దాని మొదట్లో, మంద్ర స్వరాలకు చివర్లో లోపలి పొర బాగా ఊగుతుంది. ఎక్కడ ఊగిందో, సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో చూసుకుని మెదడు శ్రుతిని పోల్చుకుంటుంది. అక్కడ ద్రవం ఒత్తిడి పెరిగినా, సన్నని రోమకణాలు దెబ్బతిన్నా మెదడుకు అందే కబురు మారిపోతుంది.

మరి పిల్లల పాట అపస్వరంలా ఎందుకుంది? సా సెకనుకు 200 కంపనాలైతే పా 300, పై సా 400. శ్రుతి మార్చి సా 220 చేస్తే పా 330 అవుతుంది, నిష్పత్తి మాత్రం అదే 3:2. ఏ శ్రుతిలో పాడినా పాటను గుర్తుపట్టేది ఈ నిష్పత్తుల వల్లే. మీ ఎడమ చెవి అన్ని స్వరాలనూ ఒకే నిష్పత్తిలో పెంచి ఉంటే శ్రుతి మారినట్టే ఉండేది. కానీ దెబ్బతిన్న చెవి ఒక స్వరాన్ని ఎక్కువ, ఇంకో స్వరాన్ని తక్కువ జరుపుతుంది. అందుకే సా-పాల మధ్య దూరమే చెడిపోతుంది.

ఇప్పుడు నోరు మూసుకుని 'మ్‌మ్' అని ఒక్కసారి గట్టిగా హమ్ చేయండి. శబ్దం ఎడమ చెవిలోనే ఎక్కువగా వినిపిస్తే గులిమో, కర్ణభేరి వెనక నీరో కారణం కావచ్చు. అప్పుడు అంత కంగారు లేదు. మంచి చెవివైపు లాగితే లోపలి చెవి మీదే అనుమానం. ఏది వచ్చినా ఆసుపత్రికి వెళ్లడం మాత్రం మానొద్దు. డాక్టరు సెకనుకు 512 కంపనాల శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్) ఇదే పరీక్ష చేసి, తర్వాత ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయిస్తారు.

స్టెరాయిడ్ మాత్రలతో షుగర్ బాగా పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి. అవసరమైతే మందును కర్ణభేరి గుండా నేరుగా చెవిలోకే ఇస్తారు. ఎంఆర్ఐ రాసినా భయపడకండి. ఒకవైపు వినికిడి తగ్గినప్పుడు వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి అది మామూలుగా చేయించేదే. మూర్ఛకు, ముఖం నరాల నొప్పికి వాడే కార్బమాజెపిన్ వల్ల కూడా కొందరికి శ్రుతి మారి, దాదాపు అర స్వరం తగ్గినట్టు వినిపిస్తుంది. అయితే అది రెండు చెవులకీ వస్తుంది. వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయమని ఎవరైనా చెబుతారు. దయచేసి పోయకండి. ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి. చాలామందికి వినికిడి మెరుగయ్యేకొద్దీ శ్రుతి తేడా కూడా తగ్గుతుంది. అందాకా క్లాసులో తంబుర మీ కుడివైపు పెట్టుకోండి.