స్వార్థపరులు బాగుపడుతుంటే విశ్వాసి అసూయను ఎలా అణచుకోవాలి?

దేవుణ్ణి నమ్ముకుని కూడా, మోసం చేసి పైకొచ్చినవాళ్ళని చూస్తే కడుపు మండుతోంది, ఇది అవిశ్వాసమా అని అడిగారు. కాదండీ. అసలు అణచుకోవద్దనే నా మాట.

మాది గుంటూరు వైపు పల్లె, తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. నానమ్మ మంచం పట్టినప్పుడు ఒళ్ళు తుడవడం దగ్గర్నుంచి అన్నీ మా అమ్మే చేసింది. మా పెదనాన్నగారి అబ్బాయి పండగలకి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవాడు, ఆ రాకపోకల్లోనే ఎప్పుడో రోడ్డు పక్క పొలం కాగితాల మీద నానమ్మ వేలిముద్ర వేయించుకున్నాడు. 2014లో రాజధాని మా వైపేనని తేలాక ఆ నేల ధర ఎక్కడికో వెళ్ళిపోయింది. మేడ కట్టి, గృహప్రతిష్ఠకి మమ్మల్నీ పిలిచాడు. వాక్యం చెప్పడానికి టౌను నుంచి వచ్చిన పాస్టరుగారు ఆ మార్బుల్ గచ్చు చూపించి, నమ్మకమైన కుటుంబానికి దేవుడిచ్చిన బహుమానం అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు, మా అమ్మతో సహా. నాకు బిర్యానీ గొంతు దిగలేదు. మేడ కంటే ఆ ఆమేనే ఎక్కువ కాల్చింది, దేవుడు కూడా వాడి పక్కనే నిలబడ్డట్టు.

ఇంటికొచ్చాక "ఎలా అన్నావమ్మా?" అంటే, "అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది నాన్నా" అంది. ఆ రాత్రి ప్రార్థనలో మాత్రం వాడి పేరు పెట్టి, "ఇది నీకు న్యాయంగా ఉందా ప్రభువా" అని గట్టిగానే అడిగింది.

బైబిల్లో ఆసాపు పేరున ఉన్న 73వ కీర్తన చదవండి. ఆసాపు దావీదు రాజు నియమించిన గాయకుడు, దేవుడి సన్నిధికి గుర్తైన పవిత్ర పెట్టె, అదే మందసం, దాని ముందు తాళాలు వాయించినవాడు. అలాంటివాడే, చెడ్డవాళ్ళ సుఖం చూసి అసూయపడ్డాను, కాలు జారబోయింది అని చెప్పుకున్నాడు, అది ఆరాధనలో పాడే పాటైంది. మన సంఘాల్లో సాక్ష్యమంటే, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పడమంటే, కారు, వీసా, ప్లాటు. పొలం పోయినవాళ్ళకి మైకు ఎవరిస్తున్నారు?

చుట్టాలేమో "ఉసురు ఊరికే పోదు, పిల్లలకైనా తగులుతుంది" అని ఓదారుస్తారు. ఆ ఓదార్పు తీసుకోకండి, అదీ అసూయే. వాడి కూతురు మా పాపతోనే సండే స్కూల్లో కూర్చుంటుంది, ఆ పిల్లేం చేసింది? ఆసాపు కూడా వాళ్ళు జారే చోట ఉన్నారన్న దగ్గర పాట ఆపలేదు, నా కుడిచెయ్యి నువ్వు పట్టుకున్నావు అని దేవుడితో అనేదాకా వెళ్ళాడు.

మీదీ ఆస్తి గొడవైతే, ప్రార్థన చేస్తున్నాం కదా అని హక్కు వదులుకోకండి, మంచి లాయరుని కలవండి. మేం దావా వేశాం, నడుస్తోంది. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని బైబిల్లో పౌలు రాసిన 1 కొరింథీ పత్రిక 6వ అధ్యాయం చూపించే సంఘ పెద్దలు, సొంత సహోదరులకే అన్యాయం చేసేవాళ్ళని పౌలు అదే అధ్యాయంలో ఎలా నిలదీశాడో ఆ మేడలో కూడా చదివి వినిపించాలి.